నిటారు కొలత

కోనసీమలో వాతావరణం ఎవరి చేతా కోటు తొడిగించలేదు. మాఘమాసంలో కూడా పొద్దెక్కేసరికి ఉక్కబోసే నేల అది. అయినా డెబ్బైల నాటి కొత్తపేటలో కోటు కావలసినవాళ్ళు ఉండేవారు: కోర్టులో వాదించే ప్లీడర్లు, చర్చిలో పెళ్ళాడే వరులు, ఫోటో తీయించుకునే కొత్త ఉద్యోగులు. ఈ ఉద్యోగుల కోసం స్టూడియోలో ఒక కోటు మేకుకి వేలాడుతూ ఉండేది. ఎవరి ఒంటికీ సరిపోని ఆ కోటుని వెనక బట్టల క్లిప్పులతో బిగించి, ముందు నుంచి బొమ్మ తీసేవారు. మిగిలిన రెండు రకాల వాళ్ళూ నతానియేలు దగ్గరికి వచ్చేవారు.

నతానియేలు ఊరి శివారు పేటలో, పొలం కూలి చేసుకునే ఇంట పుట్టాడు. బజారులో చొక్కాలు కుట్టే దర్జీలు అప్పటికే ఉన్నారు. ఊళ్ళోవాళ్ళు వస్తే వాళ్ళు మెడలోని టేపు తీసి ఒంటికి ఆనించి కొలిచేవారు. పేటవాళ్ళు వస్తే ఆది తెచ్చేవా అని అడిగేవారు. ఆది అంటే పాత చొక్కా. దాన్ని బల్ల మీద పరిచి కొలుచుకుంటే మనిషిని ముట్టుకునే పని ఉండదు. దుకాణదారు ఎవరికైనా సేవ నిరాకరిస్తే నేరమని 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం చెప్పింది. అందరికీ ఏ షరతుల మీద చేస్తాడో అవే షరతుల మీద చెయ్యాలని కూడా చెప్పింది. ఇక్కడ నిరాకరణ లేదు. చొక్కా కుట్టి ఇచ్చారు, కూలి పుచ్చుకున్నారు. టేపుకీ చర్మానికీ మధ్య వదిలిన ఆ జానెడు దూరం మీద ఫిర్యాదు ఎవడు రాస్తాడు, ఏ స్టేషనులో పుచ్చుకుంటారు? నతానియేలు తండ్రికి కావిడి మోసి మోసి ఒక భుజం దిగిపోయింది. దిగిన ఆ భుజం సంగతి ఏ చొక్కాకీ తెలియలేదు. తప్పుగా కుట్టిన చొక్కాయే తరవాతి చొక్కాకి ఆది అయింది.

మనిషిని తాకకుండా కుట్టడానికి వీల్లేని బట్ట ఒకటుందని, రాజమండ్రిలో క్రైస్తవ మిషను వారి కుట్టుపని బడిలో చేరిన తరవాత నతానియేలు తెలుసుకున్నాడు. భుజం ఎంత వాలింది, వెన్ను ఎక్కడ గుంటపడింది, రెక్కల ఎముకలు ఎంత పొడుచుకొచ్చాయి అన్నవి కోటు కుట్టేవాడు అరచెయ్యి ఆనించి చూసుకోవలసిందే. తోటివాళ్ళు చొక్కాలూ రవికలూ నేర్చుకుని త్వరగా బయటపడ్డారు. అతను కోట్లు కుట్టే ఒక ముసలి మాస్టరు దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో ఒక బరువైన కత్తెరా, నోట్లో ఒక మాటా ఉన్నాయి. కోటుకి ఆది పనికిరాదు, మనిషే రావాలి.

బజారులో మోతుబరి బంగారరాజు గారికి బట్టలకొట్టు ఉంది. సూటుగుడ్డ కొన్నవాడు అక్కడే కుట్టుకూలి మాట్లాడుకుంటే కొట్టుకే లాభమని ఆయన తన అరుగు మీద నతానియేలుకి చోటిచ్చాడు. అక్కడ కుట్టుమిషను పెట్టుకుని అతను కుట్టిన కోట్లు చూసి అమలాపురం ప్లీడర్లు కూడా బస్సెక్కి వచ్చారు. లోపలి కాన్వాసుని నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, అది కుదించుకోవలసినంతా కుదించుకున్నాకనే కత్తిరించేవాడు. ఎద భాగంలో కాన్వాసుకీ గుడ్డకీ మధ్య వేసే వందలాది చిన్న కుట్లు చేత్తోనే వేసేవాడు. కాజాలు మాత్రం అతని భార్య సలోమివి. పేటలో ఇంటి గుమ్మం మీద కూర్చుని ఆమె కుట్టిన కాజాలో బొత్తం దూరితే తలుపు గడియ పడినట్టుండేది. పెద్ద ప్లీడర్లు అతని అరచెయ్యి వీపు మీద పెట్టించుకుని కదలకుండా నిలబడేవారు. ఇంటికి వెళ్ళి స్నానం చేసేవారో లేదో ఎవరూ అడగలేదు గాని, ఇంకొకరి దగ్గర కోటు మాత్రం కుట్టించుకోలేదు.

అవి ఫ్యాషను గోదారి వరదలా ఏటేటా పొంగిన రోజులు. ఎద మీద తిరగబడే పట్టీలు, దర్జీలు లాపెల్ అనేవి, భుజం వైపు పాకుతున్నాయి. జేబులు ఏటవాలు అయ్యాయి, కోటు వెనక రెండు పక్కలా చీలికలు వచ్చాయి, ప్యాంటు అంచులు వీధి ఊడుస్తున్నాయి. పాపాయమ్మ మనవడు అప్పారావు ఈ సరంజామా అంతా కావాలన్నాడు. పాపాయమ్మ బంగారరాజు గారి చేలల్లో నాట్లు వేసి నడుం అరగదీసుకున్న ముసలావిడ. ఆమె మనవడు బి.కాం. చదివి అమలాపురంలో ఒక బ్యాంకులో గుమస్తా అయ్యాడు. పలివెల బడిలో పంతులమ్మ పుష్పలతతో పెళ్ళి కుదిరింది. అది 1974. రాజమండ్రి నుంచి చాక్లెట్ రంగు టెరీవుల్ గుడ్డ తెచ్చుకుని అతను అరుగెక్కాడు.

"లాపెల్ భుజం దాకా రావాలి మావయ్యా," అన్నాడు.

"రానిస్తే దాని నీడన నిలబడొచ్చు. గొడుగు కొనే పని తప్పుద్ది," అన్నాడు నతానియేలు.

బేరం మధ్యలో తెగింది. లాపెల్ వెడల్పే, కాని భుజం దగ్గర చెయ్యి అతికే కుట్టుకి రెండు వేళ్ళ ఇవతల ఆగుతుంది. జేబులూ చీలికలూ అప్పారావు కోరినట్టే. ఇక కొలత. ఆ పక్కన పేము కుర్చీలో బంగారరాజు గారు రోజూలాగే పేపరు చదువుతున్నాడు. పేపరు కొంచెం దించి, పాపాయమ్మ మనవడివి కదురా అని అడిగాడు. అప్పారావు "ఆయ్" అన్నాడు. అంతే. ఇంకొక మాట ఎవరూ అనలేదు.

నతానియేలు టేపు పెట్టాడు. భుజాలు ముందుకి ముడుచుకుని ఉన్నాయి. ఎద లోపలికి పోయింది. మెడ దిగి ఉంది. వంగిన ఒళ్ళు, అనుకున్నాడు. వంగిన ఒంటికి కోటు ఎలా కుట్టాలో మాస్టరు నేర్పాడు: వీపు ముక్క పొడుగు పెంచాలి, ఎదురు ముక్క పొట్టి చెయ్యాలి. నేర్పినట్టే కత్తిరించాడు. కచ్చా కుట్టు వేసి అదే అరుగు మీద తొడిగి చూస్తే, కోటు చర్మంలా అతుక్కుంది. బంగారరాజు గారు పేపరు మీంచి చూసి, వాడికి సరిగ్గా సరిపోయిందిరా అని మెచ్చుకున్నాడు. నతానియేలు ఆ రోజు ఇంటికి కూనిరాగం తీస్తూ వెళ్ళాడు.

వచ్చే గురువారం పెళ్ళి అనగా, శనివారం సాయంత్రం కోటు చేతి మీద వేసుకుని పాపాయమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇంటినిండా చుట్టాలు. ఎవరో బావమరిది వరస కుర్రాడు, ఈ రంగు గుడ్డలో పెళ్ళికొడుకు తాటితాండ్రలా ఉంటాడన్నాడు. అప్పారావు పగలబడి నవ్వుతూ కోటు తొడుక్కుని, బొత్తం పెట్టి, తన వాళ్ళ మధ్య నిటారుగా నిలబడ్డాడు.

కోటు పాడైపోయింది. కాలరు కింద వీపు మీద గుడ్డ దొంతరగా ముడత పడింది. ముందు అంచులు రెండూ కోడి రెక్కల్లా పైకి లేచాయి. నవ్వులు ఆగిపోయాయి. నతానియేలు కోటు చుట్టూ తిరిగాడు. తను కొలిచిన ప్రతి అంగుళమూ అక్కడే ఉంది. మనిషి మాత్రం వేరే మనిషి.

మంచం మీద కూర్చున్న పాపాయమ్మ కొంతసేపు చూసి, తేలిగ్గా అంది: "కాస్త వంగరా అబ్బాయ్."

అప్పారావు భుజాలు ముడిచి, తల దించాడు. కోటు ఎక్కడిదక్కడ సర్దుకుంది. ఒక్క ముడత లేదు.

"అదిగో, సరిపోయింది. గుళ్ళో ఎలాగూ వంగే ఉంటారు కదా నతానియేలూ. ప్రార్థనే కదా," అంది ఆవిడ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆడవాళ్ళు మళ్ళీ పనుల్లో పడ్డారు.

ఆ ఇంట్లో బంగారరాజు గారు లేడు. కుర్చీ లేదు, పేపరు లేదు. అరుగు మీద కూడా ఆయన ఎవర్నీ వంగమనలేదు. అన్న మాట లేదు కనుక నేరం లేదు. నేరం లేదు కనుక సాక్షుల్ని పిలిచే పని లేదు. ఒక మనిషి ఒంటి మీద తరతరాలుగా జరుగుతున్న దానికి, ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ చాక్లెట్ రంగు కోటు. దాన్ని కుట్టినవాడు పేటవాడే. బజారు దర్జీలు ముట్టుకోకుండా కొలిచి చేసిన తప్పుని, తను ముట్టుకుని కొలిచి మరీ చేశాడు.

"విప్పు," అన్నాడు నతానియేలు.

ఇంటికి తెచ్చి కోటు చాప మీద పరిచి, సంగతి చెప్పాడు. సలోమి దీపం సర్దుతూ వింది.

"ఆ అరుగు మీద ఎవరు నిటారుగా నిలబడ్డారని? నువ్వు నిలబడ్డావా?" అంది.

అతను కోటు వీపు మీద అరచెయ్యి ఆనించాడు. ఆమే ఒక దారి చెప్పింది. వంగినవాడికీ కాకుండా నిలబడినవాడికీ కాకుండా మధ్యస్తంగా సరిచేస్తే, పెళ్ళిరోజు ఎలా నిలబడినా కోటు గొడవ చెయ్యదు. తెలివైన దర్జీ ఎవడైనా చేసే పని అది. ఎందుకంటే ఆచారం ప్రకారం పెళ్ళికి బంగారరాజు గారు వస్తాడు. ముందు వరసలో ఆయన కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ వెనక ఉందని తెలిస్తే అప్పారావు ఒళ్ళు ఏం చేస్తుందో నతానియేలు కళ్ళారా చూశాడు. నిటారు మనిషికి కుట్టిన కోటులో వంగితే, వీపు బిగుసుకుని కాలరు మెడని వదిలేస్తుంది, వెనక అంచు పైకి పోతుంది. చర్చి పెళ్ళిలో వరుడు పీఠం వైపు తిరిగి నిలబడతాడు కాబట్టి ఊరంతా చూసేది వీపునే. అతని కోట్లు తొడిగే ప్లీడర్లు కూడా ఆ బెంచీల్లోనే ఉంటారు. ఆ వీపు చెడితే నతానియేలు పేరు ఆ పూటతో సరి.

"మధ్యస్తంగా కుట్టను," అన్నాడు. "నిలబడినోడికే కుడతాను."

"వాడు నిలబడకపోతే?"

"నా పేరు పోద్ది."

సలోమి చిన్న కత్తెర తెచ్చి, కాలరు కుట్టు తనే విప్పడం మొదలుపెట్టింది.

ఆదివారం నతానియేలు సూది పట్టడు. టేపు పట్టడం పని కిందికి వస్తుందా రాదా అని భార్య అడిగితే, వినపడనట్టు బయటికి వెళ్ళాడు. ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పేట కుర్రాళ్ళు మిషను బడి వెనక వాలీబాల్ ఆడుతున్నారు. అప్పారావు కాలేజీ జట్టులో ఆడినవాడు. నెట్టు దగ్గర ఎగిరి బంతిని కొట్టి దిగినప్పుడు అతని భుజాలు వెనక్కి విచ్చుకుని, మెడ లేచి ఉంది. నతానియేలు ఆట మధ్యలోకి నడిచివెళ్ళి ఆ వీపు మీద అరచెయ్యి పెట్టాడు.

"మావయ్యా, నెట్టుకి కూడా కోటు కుడతన్నారా?" అన్నాడు అవతలి జట్టువాడు.

"నెట్టు నయం. కొలిచేటప్పుడు ముడుచుకోదు," అన్నాడు నతానియేలు.

అప్పారావుకి అర్థమైంది. టేపు తగలగానే ముడుచుకోబోయిన భుజాలు నవ్వు వచ్చి ఆగిపోయాయి. చెమట ఆరకముందే వీపు కొలతా ఎదురు కొలతా పూర్తయ్యాయి. టేపు చుడుతూ నతానియేలు నెమ్మదిగా చెప్పాడు: "ఇప్పుడే చెప్తన్నాను. ఈ కోటు వంగినోడికి పలకదు."

"బంగారరాజు గారు వస్తారు కదా మావయ్యా."

"వస్తారు. కుర్చీలో కూచుంటారు. నువ్వు పీఠం వైపు చూస్తావు."

సోమ మంగళవారాలు అతను అరుగు మీదికి వెళ్ళలేదు. కాలరూ చేతులూ ఊడదీసి, భుజాల కుట్లు విప్పి, వీపు ముక్కని పైనుంచి తగ్గించి, కొత్త సుద్దగీతల మీద చేతులు మళ్ళీ ఎక్కించాడు. కోటు పొడవు ఆ ఏటి ఫ్యాషనుకి వేలెడు తక్కువైంది. బుధవారం ఇస్త్రీ చేసి పంపించాడు. తొడిగి చూడమని మాత్రం చెప్పలేదు.

గురువారం గుడి నిండింది. పుష్పలత తెల్లచీరలో, అప్పారావు చాక్లెట్ రంగు సూటులో పీఠం ముందు నిలబడ్డారు. నతానియేలు నడవ పక్కన బెంచీ చివర కూర్చుని ఆ వీపు తప్ప మరేమీ చూడలేదు. భుజం నుంచి భుజానికి గుడ్డ నీళ్ళమీద వెలుగులా చదునుగా ఉంది. చొక్కా కాలరు తెల్లగా, సమంగా, కోటు పైన కనిపిస్తోంది. పాస్టరు అయ్యగారు వాక్యం చదువుతుండగా గుమ్మం దగ్గర అలికిడి అయింది. బంగారరాజు గారి పాలేరు ఎర్రయ్య పేము కుర్చీ నెత్తిన పెట్టుకుని లోపలికి వచ్చాడు. వెనక ఆయన. బెంచీల మీదివాళ్ళు ఒకరిద్దరు లేచారు, ఆ తరవాత చాలామంది లేచారు. కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్న చప్పుడు అప్పారావుకి వినపడింది. వినపడిందని కోటు చెప్పింది. కాలరు మెడని వదిలి వేలెడు లేచింది. రెక్కల ఎముకల మధ్య గుడ్డ అడ్డంగా బిగుసుకుంది. వెనక అంచు కదిలింది. ముందు బెంచీలో ఒక ప్లీడరు తల తిప్పి నతానియేలు వైపు చూశాడు.

నతానియేలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దర్జీ చెయ్యగలిగిందంతా అయిపోయింది.

అయ్యగారు వాక్యం ముగించి, ఈమెను భార్యగా స్వీకరించుచున్నావా అని అడిగారు. జవాబు రాలేదు. పుష్పలత తల తిప్పకుండా, ముందు నాలుగు వరసలకి వినపడేలా అంది: "గట్టిగా చెప్పండి. మా అమ్మకి చెవుడు."

గుడిలో నవ్వులు లేచాయి. అప్పారావుకీ నవ్వొచ్చింది. గట్టిగా చెప్పడానికి ఊపిరి నిండా పీల్చాడు. ఎద లేచింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి, మెడ నిలబడింది. "ఆయ్, స్వీకరించుచున్నాను," అన్నాడు. ప్రమాణంలో లేని ఆ ఆయ్ కి అయ్యగారు కూడా నవ్వారు. కాలరు మెడని అంటుకుంది. వీపు మీద గుడ్డ చదునైంది. ఆ తరవాత ఉంగరాలు మార్చుకున్నా, పాటలు పాడినా, కుర్చీ ఎన్నిసార్లు కిర్రుమన్నా, అది చెక్కు చెదరలేదు.

ఆచారం ప్రకారం దంపతులు బంగారరాజు గారి కుర్చీ దగ్గరికి వచ్చారు. అప్పారావు నిలబడి, రెండు చేతులూ జోడించి నమస్కారం చేశాడు. అంతకు కిందికి వెళ్ళలేదు. ఆయన అతని ముఖం వైపు కాక కోటు వైపు చూసి, కాస్త దూరంలో ఉన్న నతానియేలుని పిలిచాడు.

"అరుగు మీద చూసినప్పటికంటే పొడుగయ్యేడేరా వీడు."

"ఆయ్. అప్పుడు కొలత తప్పేనండి," అన్నాడు నతానియేలు. "దిద్దుకున్నాను."

మరుసటి వారం ఎర్రయ్య కబురు తెచ్చాడు: అరుగు మీద కొబ్బరికాయలు పోయించాలట, మిషను తీసేయాలట. అది నోటీసూ కాదు, గెంటివేతా కాదు. చట్టం ముందు కొబ్బరికాయలకి ఏ దురుద్దేశమూ ఉండదు. మిషను రిక్షా ఎక్కి పేటకి వచ్చింది. నతానియేలు ఇంటి ముందు తాటాకు పందిరి వేసుకున్నాడు. కొందరు ప్లీడర్లు పేటలోకి దిగలేక మానేశారు. మిగిలినవాళ్ళు వచ్చి, వాలీబాల్ కుర్రాళ్ళు చూస్తుండగా కొలతలిచ్చారు. అప్పటినుంచి అతను ఏ మనిషినీ రాగానే కొలవలేదు. కబుర్లాడించేవాడు, ఎగతాళి చేసేవాడు, ఎవరిదైనా పేరెత్తి కోపం తెప్పించేవాడు. వచ్చినవాడి ఒళ్ళు భయం మరిచి తనదిగా మారిన క్షణాన టేపు పడేది. లాపెళ్ళు మళ్ళీ సన్నబడ్డాయి, సఫారీలు వచ్చాయి, అమలాపురంలో గాజు అద్దాల వెనక రెడీమేడ్ కోట్లు వేలాడాయి. పేట నుంచి చదువుకుని ఉద్యోగాల్లో చేరిన వరులు మాత్రం ఆ పందిరి కిందికే వచ్చారు.

1985 వేసవిలో ఎర్రయ్య వచ్చాడు. కొడుకు పెళ్ళి. కొడుక్కి ఒక కోటు, తనకొక కోటు. నతానియేలు చాలాసేపు అతనితో కబుర్లాడాడు, నవ్వించాడు. ఎర్రయ్య భుజాలు విచ్చుకోలేదు. వీపు మీద అరచెయ్యి పెట్టి చూశాక అర్థమైంది, ఇది అలవాటు కాదు, ఎముక. ఆ వంపుని ఏ కొలతా దిద్దలేదు. దాన్ని అతని వీపులో పోసినవాళ్ళ మీద వ్యాజ్యం వెయ్యడానికి ఏ కోర్టూ లేదు. నతానియేలు వీపు ముక్క పొడుగు పెంచి, ఎదురు ముక్క పొట్టి చేసి, తన జీవితంలో అన్ని కోట్లకంటే శ్రద్ధగా దాన్ని కుట్టాడు.

ఎర్రయ్య తొడుక్కుని అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాడు. ఎక్కడా ముడత లేదు.

"ఇంత వంగిపోయేనాండీ నేను?"

"వంగేరండి," అన్నాడు నతానియేలు. "కోటు మీకే కుట్టేను."

ఎర్రయ్య బొత్తం పెట్టుకోబోయాడు. మోటు వేళ్ళకి అది లొంగలేదు. సలోమి లేచి వచ్చి పెట్టింది.

"కొత్త కాజా అన్నయ్యా, బిగువుగా ఉంటది. ఇంకో రెండు పెళ్ళిళ్ళు చేసేరంటే వదులవుద్ది."

"ఉన్నది ఒక్క కొడుకమ్మా," అన్నాడు ఎర్రయ్య, కోటు ముందు భాగం అరచేత్తో నిమురుకుంటూ.